ఇక పెద్దలే ఊ కొట్టాలి

కథ చెప్పేది పెద్దలు, ఊ కొట్టేది పిల్లలు. మన ఊళ్లలో ఇదే ఆనవాయితీ. ఆనవాయితీ మంచిదే గాని, అప్పుడప్పుడు దాన్ని తిరగవేయాలి. పిల్లలు చెప్పాలి, పెద్దలు ఊ కొట్టాలి. కథలు వినడంతోనే కథ చెప్పడం రాదు. చెప్పనిస్తే వస్తుంది.

మూడేళ్ల పిల్లను సింహాచలం తీసుకువెళ్లి వచ్చామనుకోండి. "బస్సు... కోతి... అరటిపండు" అంటుంది. "ప్రసాదం తిన్నావా?" అని అడిగితే "ఆఁ" అంటుంది. మాట అక్కడితో సరి. "కోతి ఏం చేసిందమ్మా?" అని అడగండి. "పండు లాక్కుంది." "అప్పుడు నువ్వేం చేశావు?" ఇలా అడుగుతూ పోతే మూడు మాటలూ కథ అవుతాయి. ఐదేళ్లవాడు అసలు ఘట్టం దాకా వచ్చి ఆగిపోవచ్చు. "ఆ తర్వాత?" అంటే ముగింపుకు వస్తాడు. తప్పులు దిద్దడానికి తొందరపడరాదు. మధ్యలో మనమే చెప్పేయరాదు.

కెనడాలో పేద కుటుంబాలకు చెందిన 20 మంది చిన్నపిల్లలతో జరిపిన పరిశోధన 1999లో వెలువడింది. వారిలో కొందరి తల్లులకు ఇలా అడగడం, ఊ కొట్టడం నేర్పారు. ఆ పిల్లలకు ముందు మాటలు పెరిగాయి. మరో ఏడాదికి కథ చెప్పే నేర్పు పెరిగింది. ఇది పైసా ఖర్చులేని చదువు.

జరిగింది వరసగా చెప్పడం ఇలాగే అలవాటవుతుంది. దాని విలువ మన జిల్లావారికి తెలుసు. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. భూములు, ఇళ్లు వదులుకున్నవారు పెదగంట్యాడ, అగనంపూడి వైపు పునరావాస కాలనీలకు చేరారు. ఆర్-కార్డులు పట్టుకుని ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి తిరిగినవారున్నారు. అర్జీలతో వచ్చేవారిని విలేకరిగా నేను చూస్తూనే ఉన్నాను. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, తర్వాత ఏమైంది అని వరసగా చెప్పగలిగినవాడి మాట నిలుస్తుంది. న్యాయం తనవైపే ఉన్నా చెప్పుకోలేనివాడు "మీ దయ బాబూ" అని వెనుదిరుగుతాడు. ఒంట్లో నొప్పి డాక్టరుకు చెప్పాలన్నా, బడిలో జరిగిన అన్యాయం ఇంట్లో చెప్పాలన్నా పిల్లలకు ఈ నేర్పే కావాలి.

తండ్రికి షిఫ్టు డ్యూటీ, తల్లికి కూలిపని. తీరిక లేదన్నది నిజమే. అందుకే పిల్లవాడి చేతికి సెల్‌ఫోను ఇచ్చి ఊరుకుంటున్నాం. ఫోనులో బొమ్మల కథ దానిదారిన అది సాగిపోతుంది. పిల్లవాడు ఏం చెప్పబోయాడో దానికి పట్టదు. అన్నం పెట్టేటప్పుడు పది నిమిషాలు వాడి మాట వింటే చాలు. ఇంట్లో తాత, మామ్మ ఉంటే పాత ఊరి సంగతులు చెప్పాలి. మర్నాడు వాటినే మనవడి చేత చెప్పించుకోవాలి. అంగన్‌వాడీలో, బడిలో కూడా రోజుకు ఇద్దరి చేత నిన్నటి సంగతి చెప్పించవచ్చు.

ఈ రాత్రే మొదలుపెట్టండి. "ఈవేళ ఏం జరిగిందిరా?" అని అడిగి, ఊ కొట్టండి.