సీనియర్ జట్టు, మూడో సెమిస్టరు

2015 ఆగస్టు 15న ఇంగ్లండ్‌లోని సండర్‌లాండ్ జట్టు సొంత మైదానంలో నారిచ్ చేతిలో 3-1తో ఓడిపోయింది. సండర్‌లాండ్‌కు దక్కిన ఆ ఒక్క గోలు సబ్‌స్టిట్యూట్‌గా దిగిన డంకన్ వాట్‌మోర్ కొట్టాడు. అతనికి అప్పుడు 21 ఏళ్లు. ప్రీమియర్ లీగ్‌లో అదే తొలి మ్యాచ్. ఆ వేసవిలోనే న్యూకాజిల్ విశ్వవిద్యాలయం అతనికి ఎకనామిక్స్, బిజినెస్ మేనేజ్‌మెంట్‌లో ఫస్ట్ క్లాస్ డిగ్రీ ఇచ్చింది. డిగ్రీ ఉన్న ఫుట్‌బాలర్ అంటూ అక్కడి పత్రికలు ఆ సంగతిని వింతగా చెప్పుకొచ్చాయి. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు డిగ్రీ పాసైతే అది ఎందుకు వింత కావాలి?

వాట్‌మోర్‌ను మాంచెస్టర్ యునైటెడ్ అకాడమీ చిన్నప్పుడే పంపేసింది. ఆ తర్వాత ఆల్ట్రింకమ్ అనే కిందిస్థాయి క్లబ్‌కు ఆడుతూ మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అప్పటికి అతను ముందు విద్యార్థి, తర్వాతే ఆటగాడు. 2013లో సండర్‌లాండ్ పిలిచింది. ఎవరైనా అక్కడితో పుస్తకాలు కట్టిపెట్టేస్తారు. అతను మాత్రం చదువును దగ్గర్లో ఉన్న న్యూకాజిల్‌కు మార్పించుకున్నాడు. న్యూకాజిల్, సండర్‌లాండ్ ఊళ్ల మధ్య దూరం ఇరవై కిలోమీటర్లే అయినా ఫుట్‌బాల్ వైరం తరాల నాటిది. పొద్దున ఒక ఊరి జెర్సీ వేసుకుని, మధ్యాహ్నం ఆ ఊరంటే పడని వాళ్ల పక్కన బెంచీ మీద కూర్చోవాలి. మధ్యలో స్కాట్లాండ్‌లోని హిబర్నియన్ క్లబ్‌కు లోన్ మీద, అంటే కొన్నాళ్లు అరువు ఆటగాడిగా, వెళ్లాల్సి వచ్చింది. అయినా డిగ్రీ అనుకున్న వేళకే పూర్తయింది.

ఇలాంటి కథ వినగానే ‘కష్టపడితే ఏదైనా సాధ్యమే’ అనడం మనకు అలవాటు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. వాట్‌మోర్ కష్టపడ్డాడు, నిజమే. అంతకన్నా ముఖ్యంగా ఒక విశ్వవిద్యాలయం అతన్ని మధ్యలో చేర్చుకుంది, ఒక క్లబ్ అడ్డు చెప్పలేదు. ఆ రెండూ లేకుంటే అతని పట్టుదల గురించి మనం వినేవాళ్లమే కాదు.

ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ దినచర్య చూస్తే చదువుకు తీరిక లేదనడం చెల్లదు. మామూలుగా శిక్షణ పొద్దున మొదలై మధ్యాహ్న భోజనంతో ముగుస్తుంది. తర్వాత విశ్రాంతి, ఫిజియో, జిమ్. ఇరవై ఏళ్లవాడికి ఇంకా బోలెడు సాయంత్రం మిగులుతుంది. అసలు చిక్కు క్యాలెండర్‌తో. ఇంగ్లండ్‌లో జనవరిలో ఆటగాళ్ల బదిలీలు జరుగుతాయి. చాలా విశ్వవిద్యాలయాల్లో సెమిస్టర్ పరీక్షలూ జనవరిలోనే. లీగ్ ఆఖరి మ్యాచ్‌లు, ప్లేఆఫ్‌లు మే నెలలో వస్తాయి. ఫైనల్ పరీక్షలూ అప్పుడే. సీనియర్ జట్టులో చోటు ఇంకా ఖాయం కాని కుర్రాడికి ఇది మరీ ఇరకాటం. స్టార్ అయితే ఒక రోజు అనుమతి అడగొచ్చు. బెంచీ మీద కూర్చునేవాడు అడిగితే ఆ బెంచీ కూడా పోతుందని భయం. పైగా కుర్రాళ్లకు ఆట అనుభవం రావాలంటే లోన్ మీద పంపడమే క్లబ్‌లకు తెలిసిన దారి. ఏ ఊరు పంపుతారో రెండు రోజుల ముందు దాకా తెలియదు. తరగతి గది మాత్రం ఊరు మారదు.

క్యాలెండర్ కన్నా మొండిది కోచ్ మనసులోని అనుమానం. చదువుకునే కుర్రాడికి ఆట మీద ఆకలి తక్కువని చాలామంది కోచ్‌లు నమ్ముతారు. స్టీవ్ కొపెల్ విషయంలో ఆ నమ్మకం నిలిచిందా? లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో చదువుతూ ట్రాన్‌మియర్‌కు ఆడుతున్న ఈ వింగర్‌ను 1975లో మాంచెస్టర్ యునైటెడ్ కొన్నది. మేనేజర్ టామీ డోకర్టీ డిగ్రీ పూర్తి చేసుకోనిచ్చాడు. ఆ ‘ఆకలి లేని’ విద్యార్థి తర్వాత యునైటెడ్‌కు రెండు వందలకు పైగా లీగ్ మ్యాచ్‌లు ఒక్కటీ తప్పకుండా వరుసగా ఆడాడు. 1981లో ఇంగ్లండ్ తరఫున హంగరీతో ఆడుతూ మోకాలికి దెబ్బ తగిలించుకున్నాడు. 28 ఏళ్లకే ఆట వదిలేయాల్సి వచ్చింది. ఆ వయసుకే క్రిస్టల్ ప్యాలెస్ మేనేజర్ అయ్యాడు. మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) చూసేవాళ్లకు ఆయన తెలిసిన మనిషే. 2016లో కేరళ బ్లాస్టర్స్‌ను ఫైనల్‌కు తీసుకెళ్లాడు, మరుసటి సీజన్‌లో జంషెడ్‌పూర్ కోచ్‌గా పనిచేశాడు. డిగ్రీ వల్లే కోచ్ అయ్యాడని నేననను. డిగ్రీ వల్ల ఆట చెడలేదన్నది మాత్రం రికార్డులో ఉంది.

ఇటలీ డిఫెండర్ జార్జో కియెల్లీని యువెంటస్‌కు ఆడుతూనే 2010లో ట్యూరిన్ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్, కామర్స్ డిగ్రీ పొందాడు, 2017లో మాస్టర్స్ పూర్తి చేశాడు. బ్రెజిల్ ఫుట్‌బాలర్ సోక్రటీస్ ఏకంగా వైద్య పట్టా అందుకున్నాడు. అయితే అలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండటం గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతి కాదు. యూరప్ అకాడమీలలో చేరే పిల్లల్లో అత్యధికులు సీనియర్ జట్టు ముఖం చూడరు. వాళ్ల చదువు ఏమైందన్నది ఏ పత్రికా రాయదు.

మన దేశానికి వస్తే, ఈ సమస్య ఇక్కడ ఒకప్పుడు ఇంతగా లేదు. స్వతంత్ర భారత తొలి ఒలింపిక్ ఫుట్‌బాల్ కెప్టెన్ డాక్టర్ తాలిమెరెన్ ఆవ్ నాగా కొండల నుంచి కలకత్తాకు వెళ్లింది వైద్యం చదవడానికి. కార్మైకేల్ మెడికల్ కాలేజీ విద్యార్థిగా ఉంటూనే మోహన్ బగాన్‌కు ఆడాడు, ఆ జట్టుకు నాయకుడయ్యాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టును నడిపించాడు. అక్కడ ఫ్రాన్స్‌తో 2-1తో ఓడిపోయాం. రెండేళ్ల తర్వాత ఎంబీబీఎస్ పూర్తి చేసి, సొంత కొండలకు తిరిగెళ్లి వైద్యుడిగా స్థిరపడ్డాడు. ఆ రోజుల్లో ఆట పూర్తికాలపు వృత్తి కాదు కాబట్టి అది కుదిరిందని అనొచ్చు. ఒప్పుకుంటాను. ఆ వెసులుబాటు ఎందుకు పోయిందో కూడా అడగాలి కదా.

హైదరాబాద్ ఉదాహరణ మరీ దగ్గరిది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానంలో నిలిపి, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా పట్టభద్రుడు. నగరంలోని బడుల్లో పాఠాలు చెప్పిన మాస్టారు. ఆటకూ చదువుకూ మధ్య గోడ ఉందని ఆయనకు చెప్పి ఉంటే నవ్వుకునేవాడు.

ఆ గోడ ఇవాళ మన ఇంటర్ కాలేజీలు కట్టాయి. యూరప్‌లో పిల్లవాడు ఆట కోసం చదువు వదిలేస్తే, ఇక్కడ పదో తరగతి అయ్యేసరికి బంతిని అటక మీదకు చేరుస్తాడు. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం వీక్‌ ఎండ్ టెస్ట్. అపార్ట్‌మెంట్‌లో నడిచే కాలేజీకి మైదానం ఎక్కడిది? పదహారు నుంచి పద్దెనిమిది ఏళ్ల మధ్యే ఫుట్‌బాలర్ తయారయ్యే వయసు. ఆ రెండేళ్లూ మనం ఎంట్రన్స్‌కు రాసిచ్చేశాం.

ఆ రెండేళ్లు గట్టెక్కినవాడికి ఇంకో విచిత్రం ఎదురవుతుంది. ఇంజనీరింగ్ ప్రవేశాల్లో అర శాతం క్రీడా కోటా ఉంటూ వచ్చింది. రాష్ట్ర, జాతీయ స్థాయి సర్టిఫికెట్లు చూపించి కుర్రాడు సీటు తెచ్చుకుంటాడు. చేరిన మర్నాటి నుంచి అదే కాలేజీ 75 శాతం హాజరు అడుగుతుంది. తగ్గితే కండొనేషన్ ఫీజు, ఇంకా తగ్గితే డిటెన్షన్. విశ్వవిద్యాలయం తరఫున ఆడితే ఆ రోజులను హాజరులో కలుపుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది. క్లబ్‌కు ఆడితే మాత్రం అది అతని సొంత వ్యవహారం. నోటీసు బోర్డు మీద హాజరు తక్కువైన వాళ్ల జాబితా అంటిస్తే, అందులో క్రీడా కోటా పేరు కనబడటం మామూలు. ఏ ఆట చూసి సీటు ఇచ్చారో, ఆ ఆట ఆడినందుకే డిటెయిన్ చేయడం మనకే చెల్లింది.

అలాంటప్పుడు చదువు మానేసి ఆటనే నమ్ముకోమందామా? 2025లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. వాణిజ్య హక్కుల ఒప్పందం తేలక ఆ జూలైలో ఐఎస్‌ఎల్ సీజన్‌ను నిలిపివేశారు. బెంగళూరు ఎఫ్‌సీ లాంటి క్లబ్ సీనియర్ జట్టు జీతాలనే ఆపింది. 2021-22లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ చివరికి ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలిలో ఆ జట్టును చూసి బూట్లు కొనుక్కున్న పిల్లలకు ఇప్పుడు సొంత ఊళ్లో టాప్ డివిజన్ క్లబ్బే లేదు. తల్లిదండ్రుల భయాన్ని ఎలా తప్పుపడతాం?

అలాగని డిగ్రీని కేవలం బీమా పాలసీలా చూపించడం నాకు నచ్చదు. ‘రేపు కాలు విరిగితే ఏం చేస్తావు’ అంటూ చదివిస్తే, వాడు ప్రతి టాకిల్‌కూ భయపడతాడు. చదువు ఆటగాడికి ముందు కావాలి, విరిగాక కాదు. కాంట్రాక్టులో చిన్న అక్షరాలు చదవడానికి, ఏజెంట్ లెక్క సరిచూడటానికి, ఫిజియో చెప్పేది అర్థం చేసుకోవడానికి.

అమెరికా దారి మనకు సరిపోతుందా? అక్కడ కాలేజీ జట్టే సీనియర్ ఆటకు మెట్టు. శిక్షణ వారానికి 20 గంటలు మించకూడదని కాలేజీ క్రీడల సంఘం నియమం. చదువుకు అది మేలే. కానీ 22 ఏళ్లకు బయటికొచ్చే ఆటగాడు, అదే వయసుకు వందకు పైగా సీనియర్ మ్యాచ్‌లు ఆడేసిన యూరప్ కుర్రాడితో పోటీ పడాలి. ఆ మోడల్‌ను ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టడం వృథా.

మనకు కావలసింది చదువును ముక్కలుగా పూర్తి చేసుకోగల వీలు. అందుకు పనిముట్లు చేతిలోనే ఉన్నాయి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది హైదరాబాద్‌లోనే. జాతీయ విద్యా విధానం 2020 మధ్యలో ఆగి మళ్లీ చేరే అవకాశాన్ని, సంపాదించిన క్రెడిట్లు దాచుకునే బ్యాంకును ఇచ్చింది. సీజన్ ఉన్న సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు, సీజన్ లేనప్పుడు నాలుగు. మూడేళ్ల డిగ్రీ అయిదేళ్లలో అయితే ఎవరి సొమ్ము పోయింది? ఈ పద్ధతి కాగితం మీద ఉంది. కాలేజీ ఆఫీసు క్లర్కుకు, అకాడమీ మేనేజర్‌కు చేరలేదు.

క్లబ్‌ల నుంచి ఆశించేదీ పెద్దదేం కాదు. ఇరవై మూడేళ్ల లోపు ఆటగాడితో రాసుకునే ఒప్పందంలో పరీక్ష రోజులకు సెలవు ఇస్తామన్న ఒక్క వాక్యం ఉండాలి. లోన్ మీద పంపేటప్పుడు ఆ వాక్యం కూడా వెంట వెళ్లాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లకు ఒక మనవి. గుర్తింపు పొందిన క్లబ్, రాష్ట్ర జట్ల మ్యాచ్, శిక్షణ రోజులను హాజరుగా లెక్కించండి. మ్యాచ్‌తో ఢీకొన్న పరీక్షను మరో తేదీన పెట్టండి. దీనికి కొత్త స్టేడియం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఒక్క ఉత్తర్వు చాలు.