చైనా బండి, మన కారం

మొన్న మా చెవిటికల్లు నుంచి పనిమీద కంచికచర్ల వెళ్లాం. పని కాగానే నూడిల్స్ బండి దగ్గర ఆగేదాకా మావాడు ఊరుకోలేదు. ఆ బండే ఒక కుటుంబమండీ. మూకుడు దగ్గర ఆయన, క్యాబేజీ తరుగుతూ ఆవిడ, ప్లేట్లు అందిస్తూ వాళ్లమ్మాయి. పక్కన స్టూలు మీద టెన్త్ పుస్తకం తెరిచే ఉంది.

"అజినమోటో వేయకు బాబూ" అన్నాను పెద్దరికంగా.

"వేస్తే విషమంటారు, వేయకపోతే రుచి లేదంటారు సార్" అని నవ్వాడాయన.

ఇంటికొచ్చి వెతికాను. 1908లో టోక్యోలో ఇకెడా అనే ప్రొఫెసర్, సముద్రపు నాచుతో కాచే చారుకి ఆ రుచి ఎక్కడిదా అని శోధిస్తే దొరికిందట గ్లుటమేట్. మనం రోజూ వండే టమాటాలోనూ అదే ఉంది! ఇక మంచూరియా చైనాదే కాదు. 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటాయన మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చికి సోయా సాస్ కలిపి చేశాడంటారు.

ఈ బండాయనా ఒకప్పుడు కౌలురైతే. మిర్చిలో నష్టపోయి, హైదరాబాద్‌లో గిన్నెలు కడుగుతూ ఈ వంట నేర్చుకున్నాడట. "అక్కడ పోతే ఏడాది పోయేది సార్. ఇక్కడ పోతే ఒక్క సాయంత్రమే" అన్నాడు.

ఈసారి వెళ్తే సలహాలివ్వను. "కారం మాత్రం కాస్త తగ్గించు బాబూ" అంటాను, అంతే. మిర్చి రైతు చెయ్యి కదా!