పీఓహెచ్‌కి వెళ్లొచ్చిన నౌక
ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా తెలుగువాళ్లు చెమటోడ్చిన రైల్వే వర్క్‌షాప్ ఉంది. పీఓహెచ్‌కి (పీరియాడిక్ ఓవర్‌హాల్‌కి) వచ్చిన బోగీని విప్పినవాడికి ఏది మార్చాలో, ఎందుకు మార్చాలో తెలుసు. స్టార్ ట్రెక్ అంతరిక్ష నౌకల మోడళ్లు కట్టే పిల్లలకూ ఆ ‘ఎందుకు’ చెప్పాలంటాను. 1966 టీవీ సీరియల్‌లోని ఎంటర్‌ప్రైజ్ నౌకకి ఇంజన్లు గుండ్రటి గొట్టాలు. 1979 సినిమాకొచ్చేసరికి అవి పలకబారాయి, వాటిని మోసే కాళ్లు వెనక్కి వాలాయి, ముందున్న పళ్లెం పోయి వెలిగే డిఫ్లెక్టర్ వచ్చింది. కథలో అది 18 నెలల మరమ్మతు. అసలు కారణం వెండితెర. టీవీకి చాలిన నున్నటి ఒళ్లు అంత పెద్ద తెరమీద బోసిపోతుంది. అందుకే ఒంటినిండా పలకల గీతలు, ముత్యపు మెరుపు. అది తెలియక కుర్రాళ్లు ఆ సినిమా నౌక మోడల్‌కి ఉత్త బూడిదరంగు కొట్టేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.