టికెట్టు ఎవరి చేతిలో?



మన దేశంలో పార్టీ టికెట్టు పైనుంచి దిగుతుంది. అమెరికాలో అభ్యర్థిని ముందు పార్టీ ఓటర్లే ఎన్నుకుంటారు. దాన్ని ప్రైమరీ అంటారు. 2018 జూన్ 26న న్యూయార్క్‌లో 28 ఏళ్ల అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్, 1999 నుంచి ప్రతినిధుల సభలో పాతుకుపోయిన జో క్రౌలీని సుమారు 57 శాతం ఓట్లతో ఓడించారు. ఆమె బార్‌లో పనిచేసి బతికిన మనిషి. ఆయనేమో ఒక చర్చకు తాను రాకుండా మరొకరిని పంపాడు!

మాకు గుచ్చుకున్నది వేరే. అక్కడి యూనియన్లు చాలావరకు క్రౌలీ వెంటే నిలిచాయి. పాత పరిచయం, మొహమాటం అనుకుంటాం. మేమూ తక్కువ తినలేదు. గేటు మీటింగులో కుర్రాడొకడు లేచి లెక్కలు అడిగితే "కూర్చోవయ్యా" అన్నాం. వచ్చే కమిటీ ఎన్నికల్లో మా కుర్చీలకూ పోటీ పెట్టండి. నామినేషన్ ఫారాలు ఆఫీసులోనే ఉన్నాయి.