మనమేమైనా రెక్కల పురుగులమా?

మొన్న రామగుండంలో మా ఇంటికొచ్చిన అక్క కూతురు సంచిలోంచి వేలెడంత సీసా తీసింది. ఫోన్లో చూసి తెప్పించుకుందట. ధర విని నా గుండె గుభేలుమంది.

“మామూలు సెంటు కాదు చిన్నమ్మా, ఇందులో ఫెరమోన్లున్నయ్. రాసుకుంటే మా ఆయన నన్ను విడిచి కదలడట!”

పెళ్లై ఏడాది కాలేదు. అతను బొగ్గుబావిలో రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలంతా పడుకుంటాడు. తనలోనే ఏదో లోపముందని ఈ పిల్ల బెంగ. నాకు కోపం వచ్చింది పిల్ల మీద కాదు, ఆ బెంగను కాసులు చేసుకునేవాళ్ల మీద.

అసలు ఫెరమోన్ అంటే ఏమిటి? ఒక జీవి వదిలితే, అదే జాతి జీవి అందుకుని దాని ప్రకారం నడుచుకునే రసాయనం. మన చక్కెర డబ్బాకు చీమలు బారులు కట్టేది దాని చలవే. 1959లో బ్యూటెనాండ్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాదాపు 5 లక్షల ఆడ పట్టుపురుగుల నుంచి అలాంటి పదార్థాన్ని మొదటిసారి వేరుచేశాడు. మన పత్తిచేలల్లో లింగాకర్షక బుట్టలు చూసే ఉంటారు. గులాబీరంగు పురుగుల్లో ఆడదాని వాసన పెడితే మగవి వచ్చి పడతాయి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి పడితే మందు కొట్టే వేళయిందని రైతుకు లెక్క. ఆ విద్యకు చేతులెత్తి మొక్కుతాను.

కానీ మనుషులకు ఫలానా రసాయనం ఫెరమోన్ అని ఇంతవరకు ఎవరూ తిరుగులేకుండా రుజువు చెయ్యలేదు. ఇలాంటి సెంట్లవాళ్లు గొప్పగా చెప్పుకునే ఆండ్రోస్టినోన్ ఉందే, అది మగపంది చొంగలో ఉంటుంది. ఎదకొచ్చిన ఆడపందిని కదలకుండా నిలబెడుతుంది. మన పడుచుపిల్లలకు అమ్ముతున్నది ఇదమ్మా!

రాసుకుంటే ధైర్యం వస్తుంది కదా అంటారా? అది మూరెడు మల్లెపూలకూ వస్తుంది. పూలమ్మి అబద్ధం చెప్పదు.

పోనీ, నిజంగానే పనిచేస్తుందనుకుందాం. బుట్టలో పడ్డ మగపురుగుకు అక్కడ ఆడపురుగు దొరకదు, ఒట్టి వాసనే. అలా ఒళ్లు తెలియక వచ్చి పడే మొగుడు మనకెందుకు? రాత్రి డ్యూటీవాడికి కావలసింది కంటినిండా నిద్ర. ఈ పిల్లకు కావలసింది అతను లేచాక ఓ గంట కబుర్లు. ఈ రెండూ ఏ సీసాలోనూ దొరకవు.

అంతా విని, “మరి దీన్నేం చెయ్యాలె చిన్నమ్మా?” అంది దిగాలుగా.

“చీరల పెట్టెలో వెయ్యి. చీరలైనా వాసన వేస్తాయి” అన్నాను.