ఎంబీబీఎస్ రాకపోతే పుస్తకాలు అటకెక్కాలా?

సీటు రాలేదు, ఇక చదువు చాలు, సంబంధాలు చూద్దాం - ఫలితాల రోజుల్లో మన ఇళ్లలో వినవచ్చే మాట ఇదే. బీఎస్సీ ఫస్టు క్లాసులో ప్యాసైన ఆడపిల్లకూ ఇదే తీర్పు.

ఉర్దూలో వైద్యుణ్ణీ, వివేకినీ ఒకే మాటతో హకీమ్ అంటాం. మందు రాసేవాడే హకీమా? కనిపెట్టినవాడు కాడా? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు మద్రాసులో ఎంబీబీఎస్ దక్కలేదు, తక్కువదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారు. ఆయనే 1930లో హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ పొందారు. ఆరియోమైసిన్ ఆయన నాయకత్వంలోని పరిశోధనశాల నుంచే వచ్చింది.

మన గరివిడిలోనే పశువైద్య కళాశాల ఉంది. 'గొడ్ల డాక్టరు' అని నవ్వేవారున్నారు. కుక్కకాటుతో రేబిస్, పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్, జబ్బుపడిన గొర్రె మాంసం, తోళ్లతో ఆంత్రాక్స్ - ఇవన్నీ పశువుల నుంచి మనిషికి సోకేవే. మాంసం, తోళ్ల వ్యాపారం చేసే మన కుటుంబాలకు ఇది పరాయి విద్య కాదు. అక్కడ ఐదున్నరేళ్ల బీవీఎస్సీ చేసినవారు ఎంవీఎస్సీకి, పీహెచ్‌డీకి వెళ్లవచ్చు.

బీఎస్సీ చదివినవారికి విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీలలో ఎమ్మెస్సీ చేయవచ్చు. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ సాధించి పీహెచ్‌డీలో చేరితే ఖర్చు మాట అటుంచి, 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు వారే ఇస్తున్నారు.

ఆడపిల్లను హాస్టల్లో ఎలా ఉంచుతామని అబ్బాజాన్‌లు అడుగుతున్నారు. గరివిడిలో రైలెక్కితే విశాఖే కదా! కట్నానికి అప్పు తెచ్చేందుకు జంకని మనం హాస్టలు ఫీజు దగ్గర జంకుతున్నాం. బీఎస్సీ అయిన అమ్మాయి ఉన్న ప్రతి ఇంటినీ మేము అడిగేది ఒక్కటే: పీజీసెట్‌కు దరఖాస్తు పెట్టించారా?