ఏం కూర? (మా పొయ్యి చరిత్ర – 4వ భాగం)



మా మర్పల్లి దిక్కు మనిషి ఎదురుపడితే రెండో మాట "ఏం కూర?" అనే. చదువు కోసం పట్నం పోయి కిరాయికి గది అడిగితే, ఇంటామె కూడా కూర ముచ్చటే తీసింది. "కూర తింటరా?" అన్నది. మా దిక్కు ఉత్తగ కూర అంటే చాలాసార్లు మాంసమే. మా ఊర్లో ఆ మాట పలకరింపు. పట్నంలో అది కులం సర్టిఫికెట్ అడగడం. "తింటం" అన్న. "నిన్ననే వేరేవాళ్లకు ఇచ్చినం" అన్నది. టు-లెట్ బోర్డు మాత్రం ఇంకో నెల గేటుకే వేలాడింది.

ఇప్పుడు చదువుకున్నోళ్లలో ఒక చర్చ నడుస్తున్నది. 'కర్రీ' అనేది తెల్లోడు అంటగట్టిన పేరు, వెయ్యి వంటలను ఒక్క మాటలో కుక్కిండు, ఇది అవమానం అని. నిజమే. 1747లో లండన్‌లో హన్నా గ్లాస్ తన వంట పుస్తకంలో కోడి, మిరియాలు, ధనియాలతో 'ఇండియా పద్ధతి' కర్రీ రాసింది. తమిళ 'కరి' నుంచి ఆ మాట పుట్టిందని చాలామంది పండితులు చెప్తరు. సరే, తెల్లోడు మీ వంటలను ఒక్క మాటలో కుక్కిండని మీకు కోపం. మరి మా వంటలన్నిటినీ మీరు ఒక్క మాటలో కుక్కలేదా? ఆ మాట 'నీచు'. వాసనకూ అదే మాట, మనిషికీ అదే మాట.

లెక్క చెప్త, వినుండ్రి. పుంటికూర, తుమ్మికూర, దొగ్గలికూర, చెంచలికూర, గునుగు, పాయిలికూర, చెన్నంగి. వీటిలో చాలావాటికి ఎవరూ విత్తనం వెయ్యలేదు. కంది చేన్ల, జొన్న చేన్ల వానకు వాటంతట అవే మొలిచినయి. పటేలు కంటికి అది కలుపు. కలుపు తీసే మా అమ్మకు అది రాత్రికి కూర. కూలి గింజలతో ఇల్లు గడవనప్పుడు కొంగులో ఒడిగట్టి తెచ్చిన ఆ ఆకే మమ్మల్ని బతికించింది. ఇయ్యాల పత్తి చేన్లలో గడ్డిమందు కొడుతున్నరు. కలుపుతో పాటు మా కూర కూడా మాడిపోతున్నది. తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ కంది సాళ్ల మధ్యల మొలిచే ఆకుకు గుర్తింపు ఎవరిస్తరు?

ఇగ మాంసం. బోటి, నల్ల, కార్జం, దండెం మీద ఆరేసిన తునకలు. "అవి సంస్కృతి కాదు" అంటరు. మాకు బీదర్ అవతల బసవకల్యాణ్ ఉన్నది, ఒకప్పటి చాళుక్యుల కల్యాణి. 12వ శతాబ్దంలో అక్కడి రాజు మూడో సోమేశ్వరుడు 'మానసోల్లాసం' రాయించిండు. అందులో కాల్చిన పొలం ఎలుకలున్నయి, పేగుల వంటకాలున్నయి. రాజు తింటే శాస్త్రం, మాదిగ తింటే నీచు. కూర మారలేదు, తిన్న చెయ్యి మారింది. అంతే తేడా.

"అంబేద్కరే మానమన్నడు గదా" అని కొందరు విద్యార్థి మిత్రులు అడుగుతరు. మంచి ప్రశ్న. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ వదలమన్నది చచ్చిన గొడ్డు మాంసాన్ని, ఎంగిలి మెతుకులను. కళేబరం మొయ్యి, అదే తిను అన్న బలవంతాన్ని వదలమన్నడు. అదే మనిషి 1948లో 'అన్‌టచబుల్స్' పుస్తకంలో, బ్రాహ్మణులు కూడా ఒకప్పుడు గొడ్డు మాంసం తిన్నవాళ్లేనని గ్రంథాలు తెరిచి చూపిండు. బలవంతంగా తినిపించడం ఎంత కులమో, బలవంతంగా మాన్పించడం కూడా అంతే కులం. అందుకే 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ పెట్టిన విద్యార్థులు విందు కోసం పెట్టలేదు. హాస్టల్ మెస్సులో తమ పళ్లెం ఎందుకు లేదని అడగడానికి పెట్టిండ్రు.

2014 నాటి ప్రభుత్వ సర్వేలోనే తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులు. అయినా 'శుద్ధం' అనే మాట మిగిలినోళ్ల చేతిలోనే ఉన్నది. ఎందుకంటే పంచాది కూర మీద కాదు, వండే చెయ్యి మీద. మధ్యాహ్న భోజనం వంటకు దళిత, ఆదివాసీలకే ప్రాధాన్యం ఇయ్యాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పింది. దళిత తల్లి వండిందని పిల్లల పళ్లాలు తిప్పి పంపే బడులు దేశంలో ఇంకా వార్తలకెక్కుతనే ఉన్నయి. ఆ పళ్లెంలో ఉన్నది ఉత్త పప్పే. మరి నీచు ఎక్కడున్నది? వండిన చేతిలోనా, తిప్పి పంపిన మనసులోనా?

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మీకు రెండు పనులు. పండుగకు ఇంటికి పోయినప్పుడు అవ్వ దగ్గర కూర్చోని, ఆమెకు తెలిసిన ప్రతి కూర పేరు రాసుకోండ్రి. ఆమెతో పాటు ఆ పేర్లు పోనియ్యకుండ్రి. రెండోది, మీ ఊరి బడికి పోయి, ఎవరు వండుతున్నరో, ఎవరు తినడం లేదో చూడుండ్రి. చూసింది రాయుండ్రి.

ఇప్పుడు నన్ను ఎవరైనా "ఏం కూర?" అంటే దాచను. "తునకలు, పుంటికూర" అని గట్టిగనే చెప్త.

జై భీమ్.
(5వ భాగం: గిన్నె ఎవరిది?)